తాయి కార్డులో తండ్రి ఎక్కడ?

కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో నెల తప్పిన ఆడమనిషికి ముందుగా చేతికొచ్చేది తాయి కార్డు, అంటే తల్లి కార్డు. దేవదుర్గ పక్క పల్లె అయినా, సింధనూరు క్యాంపు అయినా ఆశా కార్యకర్త ఆమెను వెంటబెట్టుకుని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్తుంది. బరువు తూస్తారు, బీపీ చూస్తారు, రక్తం తీస్తారు. ఆ రక్తంలో హిమోగ్లోబిన్‌తో పాటు హెచ్‌ఐవీ, సిఫిలిస్ కూడా చూస్తారు. వేలికొస గుచ్చి తీసిన చుక్కతో చేసే హెచ్‌ఐవీ పరీక్ష అరగంటలో తేలిపోతుంది. 2016 నుంచి దేశమంతటా ప్రతి నెల 9వ తేదీని గర్భిణుల పరీక్షలకు కేటాయించారు. ఆ రోజు ఆసుపత్రి వరండాల్లో ఎటు చూసినా ఆడవాళ్ళే. తోడొచ్చేది అత్తో, అమ్మో, ఆడబిడ్డో. భర్త వచ్చినా గేటు బయట బండి దగ్గరే నిలబడిపోతాడు. అతను బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయి ఉంటే ఆ నిలబడటం కూడా ఉండదు.

పుట్టబోయే బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా చూసే ప్రభుత్వ కార్యక్రమం మన దేశంలో 2002 నుంచీ నడుస్తోంది. ఇన్నేళ్ళలో పరీక్ష కిట్లు మారాయి, మందులు మారాయి, ఒక చట్టం వచ్చింది. గేటు బయటి మనిషి మాత్రం చాలావరకు అక్కడే ఉన్నాడు. ఈ కథనం అతని గురించి, అతను లోపలికి రాకపోవడం వల్ల లోపలున్న మనిషి పడుతున్న కష్టం గురించి.

చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్ స్థాపించిన ఎయిడ్స్ చికిత్సా సంస్థ వైఆర్‌జీ కేర్‌కు వచ్చిన హెచ్‌ఐవీ బాధిత మహిళల మీద 2000లో ఒక పరిశీలన ప్రచురించారు. వాళ్ళలో ఎక్కువమంది గృహిణులు. పదిమందిలో తొమ్మిదిమందికి దగ్గరగా జీవితంలో భర్తను తప్ప వేరే మగవాణ్ణి ఎరగనివాళ్ళు. ఈ సంగతి తెలిసి పాతికేళ్ళయింది. అయినా ఇంట్లో ముందు రక్తం ఇచ్చేది ఆమె కాబట్టి, ముందు బయటపడేదీ ఆమెదే. ముందు బయటపడ్డవాళ్ళదే తప్పని ఇంటివాళ్ళు తీర్పు చెప్పేస్తారు. ‘మా అబ్బాయికి ఏ జబ్బూ లేదు, ఈమె వచ్చాకే ఇదంతా’ అన్న మాట విన్నాక ఆ ఇంట్లో మందు వేసుకోవడం ఎట్లా, బిడ్డను కనడం ఎట్లా?

రాయచూరు భూగోళం తెలిస్తే ఈ కష్టం ఇక్కడ ఎందుకు గట్టిగా నాటుకుందో తెలుస్తుంది. పైన కృష్ణ, కింద తుంగభద్ర, మధ్యలో నల్లరేగడి. తుంగభద్ర కాలువ నీళ్ళు పారిన సింధనూరు, మాన్వి ప్రాంతాల్లో వరి పండుతుంది. 1950ల నుంచి కోస్తా జిల్లాల రైతులు వచ్చి క్యాంపులు కట్టుకుని స్థిరపడ్డది అక్కడే. నీళ్ళు అందని దేవదుర్గ, లింగసుగూరు పల్లెల్లో పంట కోత అయిపోగానే జనం గుళె పోతారు, అంటే కూలికి వలస పోతారు. బొంబాయి నుంచి వచ్చిన రైలు మార్గం, మద్రాసు నుంచి వచ్చిన రైలు మార్గం 1871లో కలిసింది రాయచూరులోనే. ఇవాళ్టికీ ఆ పట్టాల మీదే కూలీలు ఒకవైపు పుణే, ముంబైలకు, ఇంకోవైపు ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరుకు పోతారు. జిల్లాలో హట్టి బంగారు గనులున్నాయి, శక్తినగర్‌లో థర్మల్ కేంద్రం ఉంది, బియ్యం మిల్లులు, పత్తి మిల్లులు, వాటి చుట్టూ లారీలున్నాయి. నెలల తరబడి ఇల్లు విడిచి ఉండే మగవాళ్ళు, ఇంటి దగ్గర ఎదురుచూసే ఆడవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తారు. 2011 జనాభా లెక్కల్లో జిల్లా ఆడవాళ్ళలో సగం మందికి కూడా చదువు రాదు.

ఒకప్పుడు దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో కర్ణాటక, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. ఉత్తర కర్ణాటకలో పరీక్షించిన గర్భిణుల్లో నూటికి ఒకరికి మించి పాజిటివ్ వచ్చిన రోజులున్నాయి. ఇప్పుడు బాగా తగ్గింది. దేశం మొత్తం మీద పెద్దవాళ్ళలో వెయ్యికి ఇద్దరు. కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రలలో మాత్రం జాతీయ సగటు కన్నా ఇంకా ఎక్కువే. తగ్గిందన్న మాట నిజమే. ఆ మాటతో పాటే శ్రద్ధ కూడా తగ్గుతోందన్నది నా భయం.

మందు మారిన తీరు చూడాలి. మొదట్లో ఇచ్చింది నెవిరపిన్ మాత్ర ఒక్కటే. నొప్పులు మొదలవగానే తల్లి ఒక మాత్ర మింగాలి, పుట్టిన మూడు రోజుల్లోపు బిడ్డ నోట్లో నాలుగు చుక్కలు వేయాలి. అంతే. ఆ మాత్రను చీర కొంగున ముడేసుకున్నా సరిపోయేది. భర్తకు తెలియకుండా, అత్తకు తెలియకుండా, ఒక నర్సు సాయంతో పని జరిగిపోయేది. దాంతో బిడ్డకు కొంత రక్షణ దొరికేది, తల్లి జబ్బు తల్లికే ఉండేది. 2014 జనవరి 1 నుంచి పద్ధతి పూర్తిగా మారింది. పాజిటివ్ అని తేలిన ప్రతి గర్భిణికీ ఆ రోజు నుంచే హెచ్‌ఐవీని అణచే మూడు మందుల ఏఆర్‌టీ మాత్ర, బతికున్నంత కాలం, రోజూ. ఇది గొప్ప మార్పు. ఏ మందూ లేకపోతే నూరుమంది తల్లుల్లో 15 నుంచి 45 మంది బిడ్డలకు వైరస్ చేరుతుంది. మందు క్రమం తప్పకుండా పడితే ఆ సంఖ్య అయిదు లోపుకు దిగుతుంది. తల్లి ఆరోగ్యమూ నిలబడుతుంది.

కానీ రోజూ మింగే మాత్రను ఒంటిగది ఇంట్లో ఎన్నాళ్ళు దాస్తారు? ఒక్క మాత్ర కాలంలో భర్త లేకుండా గడిచిపోయింది. జీవితాంతపు మందుకు అతను తెలిసి తోడుండాలి. లేకపోతే ఆమె డబ్బా మీది కాగితం చించేసి, బియ్యం డబ్బాలో పెట్టి, ఎవరూ లేనప్పుడు మింగుతుంది. ఇంట్లో చుట్టాలుంటే ఆ రోజు మానేస్తుంది. అడిగితే ‘రక్తం పట్టడానికి’ అని చెబుతుంది. మందులకు రాయచూరులోని ప్రభుత్వ ఆసుపత్రి రిమ్స్‌కు పోవాలంటే ఏదో ఒక సాకు కావాలి. 2023 జూన్‌లో శక్తి పథకం వచ్చాక కర్ణాటకలో ఆడవాళ్ళకు మామూలు బస్సుల్లో టికెట్ లేదు కనుక చేయి చాచాల్సిన బాధ ఒకటి తప్పింది. ఎక్కడికి పోతున్నావన్న ప్రశ్న తప్పలేదు.

ఇంతవరకు చెప్పింది పాజిటివ్ వచ్చిన ఇల్లాలి గురించి. నాకు అంతకన్నా ఎక్కువ దిగులు పుట్టించేది నెగెటివ్ వచ్చిన ఇల్లాలి సంగతి. ఎందుకంటే ఆమె గురించి ఇక ఎవరూ ఆలోచించరు.

ఆచరణలో భర్తను పరీక్షకు పిలిచేది భార్యకు పాజిటివ్ వచ్చినప్పుడే. ఆమెకు లేదని తేలితే కార్డు మీద రాసేసి పంపుతారు. ఇంటి దగ్గర భర్త లెక్క ఇంకోలా ఉంటుంది: ‘దానికి లేదంటే నాకూ లేనట్టే గదా.’ చదువుకున్నవాళ్ళ నోటా ఈ మాట వినిపిస్తుంది. ఇది పూర్తిగా తప్పు. హెచ్‌ఐవీ ప్రతి కలయికలోనూ సోకదు. ఏళ్ళ తరబడి ఒకరికి ఉండి ఇంకొకరికి లేని దంపతులు ప్రపంచమంతటా ఉన్నారు. హెచ్‌ఐవీతో జీవిస్తూ జంటగా ఉన్నవాళ్ళలో దాదాపు సగం మంది వరకు జీవిత భాగస్వామికి అది ఉండదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. భార్య రిపోర్టు భార్యదే. అందులో భర్త సంగతి ఏమీ ఉండదు.

మూడో నెలలో ఆమెకు నెగెటివ్. భర్త పీర్ల పండక్కు ఊరికొస్తాడు. రాయచూరు పల్లెల్లో పీర్ల పండుగంటే మతంతో పనిలేకుండా ఊరంతా ఒక్కటయ్యే పండుగ, గుళె పోయినవాళ్ళు ఎక్కడున్నా దిగిపోతారు. ఉగాదికొస్తాడు. పురుడయ్యాక బిడ్డను చూడటానికొస్తాడు. అతనికి వైరస్ ఉండి తనకే తెలియకపోతే, ఈ రాకపోకల్లో ఎప్పుడో ఒకప్పుడు ఆమెకు సోకవచ్చు. కొత్తగా సోకిన మొదటి వారాల్లో ఒంట్లో వైరస్ విపరీతంగా పెరుగుతుంది. ఆ వారాలు కడుపుతో ఉన్నప్పుడో, పాలిస్తున్నప్పుడో వస్తే బిడ్డకు చేరే ప్రమాదం, పాత ఇన్‌ఫెక్షన్ ఉండి మందు వాడే తల్లి కన్నా చాలా ఎక్కువ. మరి ఆమె దగ్గర ఉన్నది ‘నెగెటివ్’ అని రాసిన కార్డు. పురుడు పోసిన డాక్టరుకు అనుమానం రాదు. బిడ్డకు నెవిరపిన్ సిరప్ పడదు. ఏడాదికో రెండేళ్ళకో బిడ్డ తరచూ జబ్బు పడుతుంటే అప్పుడు బయటపడుతుంది.

ముప్పు ఉన్న చోట నెలలు నిండాక ఇంకోసారి పరీక్ష చేయాలన్న సూచన ఉంది. ముప్పు ఉందో లేదో తేల్చేది ఎవరు? ‘మీ ఆయన బయట తిరుగుతాడా’ అని పదిమంది ఎదుట అడిగితే ఏ ఇల్లాలు ఔనంటుంది? భర్తకు ఒక్క పరీక్ష చేస్తే ఆ ప్రశ్నే అక్కర్లేదు. అతనికి పాజిటివ్ అయితే వెంటనే మందు మొదలవుతుంది. 2017 నుంచి మన దేశంలో రక్తంలో రోగనిరోధక కణాల (సీడీ4) లెక్కతో పనిలేకుండా అందరికీ ఉచితంగా మందు ఇస్తున్నారు. భాగస్వాముల్లో పాజిటివ్ ఉన్నవాళ్ళకు తొందరగా మందు ఇస్తే రెండోవాళ్ళకు సోకడం 96 శాతం తగ్గిందని 2011లోనే ఒక అంతర్జాతీయ పరిశోధన తేల్చింది. మందు వాడుతూ రక్తంలో వైరస్ కనిపించనంత తగ్గినవాళ్ళ నుంచి లైంగికంగా సోకదని ఇప్పుడు వైద్యులు నిస్సందేహంగా చెబుతున్నారు. అంటే భర్త మింగే మాత్ర కూడా బిడ్డను కాపాడే మందే.

ఇక పురుటి సంగతి. మన పద్ధతిలో తొలి కాన్పు పుట్టింట్లో. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో శ్రీమంతం చేసి తీసుకుపోతారు. రాయచూరు 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న జిల్లా. సరిహద్దు గీత పడ్డా వియ్యాలు ఆగలేదు. గద్వాల, మక్తల్, నారాయణపేట, ఇటు ఆదోని, మంత్రాలయం నుంచి పిల్లనిచ్చి పుచ్చుకోవడం మామూలే. కాబట్టి రాయచూరులో తాయి కార్డు రాయించుకున్న కోడలు పురుడు పోసుకునేది తెలంగాణలోనో ఆంధ్రలోనో కావచ్చు. పాజిటివ్ తల్లి బిడ్డకు పుట్టగానే సిరప్ మొదలుపెట్టి కనీసం ఆరు వారాలు వేయాలి. ఆరో వారంలో మడమ దగ్గర గుచ్చి రక్తపు చుక్కలు కాగితం మీద ఆరబెట్టి పరీక్షకు పంపాలి. ఆరో నెలలో, ఏడాదికి మళ్ళీ చూడాలి. పద్దెనిమిదో నెలలో చేసే పరీక్షతో గానీ బిడ్డకు లేదని ఖాయంగా చెప్పరు. తల్లి మాత్రలు ఒక రాష్ట్రంలో, బిడ్డ నమూనా ఇంకో రాష్ట్రంలో, భర్త మూడో రాష్ట్రంలో. మందులు వేరే కేంద్రానికి మార్పించుకునే వీలుంది. అందుకు ఆమె కానీ, ఆమె తరఫున ఇంకెవరైనా కానీ పోయి అడగాలి. పచ్చి బాలింతను ఇల్లు కదలనివ్వరు. ఆ పని చేయగలిగినవాడు భర్త. సంగతే తెలియనివాడు ఏం చేస్తాడు?

పాల దగ్గరా ఇదే చిక్కు. మందు వాడే తల్లి మొదటి ఆరు నెలలు తన పాలు మాత్రమే ఇవ్వాలి. మధ్యలో వేరే పాలు, తేనె, ఆముదం, గ్రైప్ వాటర్ కలిపితే పసిపేగు దెబ్బతిని ప్రమాదం పెరుగుతుంది. పుట్టిన బిడ్డ నాలుక మీద తేనె రాయడం అమ్మమ్మకు ముచ్చట. ‘వద్దమ్మా’ అని బాలింత ఒక్కతే ఎంతమందితో చెప్పగలదు, ఏ కారణం చెప్పగలదు? ‘డాక్టరు పాలు తప్ప ఏమీ వద్దన్నాడు’ అని అల్లుడి నోట ఒక్క మాట వస్తే మన ఇళ్ళల్లో దానికుండే విలువ వేరు. అతను జబ్బు పేరెత్తనక్కర్లేదు.

ఇంత చెప్పాక వెంటనే ఒక హెచ్చరిక చెప్పాలి. భర్తను కలుపుకోవడమంటే భార్య రిపోర్టు తీసి భర్త చేతిలో పెట్టడమని ఎవరైనా అనుకుంటే ఆడవాళ్ళ ప్రాణాలు పోతాయి. 2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి తెచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు. ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు. భాగస్వామికి నిజంగా ముప్పు ఉందనుకుంటే డాక్టరో కౌన్సెలరో ముందు పాజిటివ్ వచ్చిన మనిషితోనే మాట్లాడాలి, తనంతట తాను చెప్పేలా చూడాలి, అప్పటికీ చెప్పకపోతే తామే చెప్పబోతున్నామని ముందే తెలియజేయాలి. చెబితే ఆమెను కొడతారనో వదిలేస్తారనో భయపడే కారణముంటే చెప్పనే కూడదు. ఈ చివరి నిబంధన రాసినవాళ్ళు మన ఇళ్ళను ఎరిగి రాశారు.

అందుకే వరస ముఖ్యం. ఫలితం వచ్చాక భర్తను వెతకడం ఒక పద్ధతి. పరీక్షకు ముందే ఇద్దరినీ కూర్చోబెట్టడం ఇంకో పద్ధతి. రెండో దాంట్లో కౌన్సెలర్ మొదట ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడుతుంది. ఆమె కళ్ళల్లో భయం కనిపిస్తే అక్కడితో ఆపి విడిగానే చేస్తుంది. ఇద్దరూ ఇష్టపడితే ఇద్దరికీ ఒకేసారి రక్తం తీసి, ఒకేసారి ఫలితం చెబుతుంది. ఇంటికెళ్ళి ఎలా చెప్పాలా అన్న బరువు ఆమె మీద పడదు. ముందు ఎవరిది బయటపడిందన్న మాటే పుట్టదు. రువాండా రాజధాని కిగాలీలో అమెరికన్ వైద్యురాలు సుసాన్ అలెన్ 1980ల చివర్లోనే జంటల పరీక్ష మొదలుపెట్టారు. తర్వాత ఆ దేశం దాన్ని తన గర్భిణుల కార్యక్రమంలో భాగం చేసుకుంది. అక్కడ గర్భిణుల భర్తల్లో పదికి ఎనిమిది మందికి పైగా పరీక్ష చేయించుకున్న స్థితికి చేరారు. మనకన్నా బీద దేశం అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో అన్ని దేశాలకూ ఇదే సిఫారసు చేసింది.

మనకు దగ్గరి అనుభవం పుణేది. రాయచూరు కూలీలు పోయే ఊరే. కామెరూన్, జార్జియా, డొమినికన్ రిపబ్లిక్‌లతో పాటు పుణేలోని ఒక ఆసుపత్రిలో గర్భిణులకు ఇంకో తరహా కౌన్సెలింగ్ ఇచ్చి చూశారు. భర్తతో ఈ విషయం ఎప్పుడు ఎత్తాలి, ఎలా మొదలుపెట్టాలి అన్నది ఆమెతో మాట్లాడించి అలవాటు చేసేవారు. మామూలు కౌన్సెలింగ్‌తో పోలిస్తే ఎక్కువమంది భర్తలు పరీక్షకు వచ్చారు. అయినా సగం మంది కన్నా తక్కువే వచ్చారు. ఆమెకు మాట నేర్పడం మంచిదే. అతన్ని తీసుకొచ్చే భారం కూడా ఆమె నెత్తినే ఉన్నంతకాలం ఫలితం అంతకు మించదని నాకనిపిస్తుంది.

పైగా తీసుకురావడానికి భర్తంటూ లేని తల్లులు ఈ జిల్లాలో ఉన్నారు. కర్ణాటక 1982లోనే దేవదాసీ ఆచారాన్ని నిషేధించింది. ఆ ఆచారంలో బతుకు తెల్లారిన ఆడవాళ్ళు, వాళ్ళ కూతుళ్ళు ఇప్పటికీ రాయచూరు పల్లెల్లో ఉన్నారు. పాలమూరు వైపు జోగినులన్నా అదే. ‘మీ ఆయన్ని తీసుకురామ్మా’ అన్న మాట వాళ్ళకు చెంపదెబ్బ. భర్త చనిపోయినవాళ్ళు, వదిలేసినవాళ్ళు ఉన్నారు. జంటగా వస్తే ముందు చూస్తాం అని బోర్డు పెడితే వీళ్ళు వరసలో వెనక్కి పోతారు. ఆఫ్రికాలో కొన్ని చోట్ల జరిగిందిదే. ఒంటరిగా వచ్చిన తల్లికి అదే గౌరవం, అదే వేగం ఉండాలి. ఇందులో బేరం లేదు.

మరి గేటు బయటి మనిషి లోపలికి ఎలా వస్తాడు? పిలిచే తీరు మారితే వస్తాడు. హెచ్‌ఐవీ పరీక్షకు రమ్మంటే ఎవరూ రారు. కాబోయే తండ్రికి బీపీ, షుగరు, హిమోగ్లోబిన్, వాటితో పాటే ఇది కూడా, అని పంచాయతీ నుంచి కాగితం పోతే అనుమానానికి తావుండదు. ఊరివాళ్ళ ముందు తలదించుకోవాల్సిన పనీ ఉండదు. శ్రీమంతానికి అతను ఎట్లాగూ వస్తాడు. ఆ వారం ఆశా కార్యకర్తకు తెలుసు. రాలేనివాడు బెంగళూరులోనో పుణేలోనో పని చేసే చోటికి దగ్గరున్న ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చేయించుకోవచ్చు. ఆ సంగతి కూలీల్లో చాలామందికి తెలియదు. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోను చేస్తే పైసా ఖర్చు లేకుండా కేంద్రం ఎక్కడుందో చెబుతారు.

పగటిపూట వస్తే ఒకరోజు కూలి పోతుంది. కాబట్టి ఉగాది వారంలో, పీర్ల పండుగ వారంలో ఆరోగ్య కేంద్రాలు రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచాలి. ఆ రోజుల్లోనే జిల్లా మగవాళ్ళంతా ఊళ్ళో ఉంటారు. కిట్లు ఉన్నాయి, మందులు ఉన్నాయి. కొరత ఉన్నది మనుషులకు. ఇప్పటికే రిజిస్టర్ల కింద నలిగిపోతున్న ఏఎన్‌ఎం సిస్టర్‌కు ఆ సాయంత్రాలకు బదులు సెలవు ఇవ్వాలి, ఆశా కార్యకర్తకు భర్తను తీసుకొచ్చినందుకు కూడా గౌరవ వేతనంలో లెక్క కట్టాలి. కౌన్సెలర్ దగ్గర తలుపు వేసుకునే గది ఒకటి ఉండాలి. ముగ్గురు పట్టే గది, మూడు కుర్చీలు. ఇందులో చాలావరకు జిల్లా ఆరోగ్యాధికారి ఒక ఆర్డరుతో ఇవ్వగలిగినవే. గద్వాల, కర్నూలు అధికారులతో మాట్లాడి పుట్టింటికి పోయిన బాలింతల బిడ్డల పరీక్షలు ఎవరు చూడాలో తేల్చుకోవడానికి మాత్రం రెండో ఆర్డరు కావాలి.